చూడని జాగా కూడా రాయరా అల్లుడా

ఒరేయ్ అల్లుడా,

నిన్న రాత్రి మనలి లాడ్జి నుంచి ఫోన్ చేసినప్పుడు నీ గొంతులో సంబరం ఎంతుందో భయం కూడా అంతే ఉంది. "మామా, సోమవారం నుంచి స్కానరు నా ఒక్కడి చేతికే ఇస్తారంట" అన్నావు. ఆ భయం ఉండనీ. అది లేకుండా నూనె ట్యాంకులో దిగినవాళ్ళను నేను చాలామందిని చూశాను. ఫోన్లో చెబితే సగానికి ఊ కొడతావు, మిగతా సగం సిగ్నల్ మింగేస్తుంది. అందుకే కాయితం మీద పెడుతున్నా. చదివి పడేయకుండా టూల్ బ్యాగులో పెట్టుకో.

నువ్వు చేసే పని ఏమిటో మీ అమ్మకు ఇప్పటికీ తెలీదు. "మావోడు ఇనుముకు ఎక్స్‌రే తీస్తాడు" అని వీధంతా చెప్పుకుంటుంది. పుత్తూరు అంటేనే లోకానికి ఎముకల కట్టు గుర్తొస్తుంది కాబట్టి వినేవాళ్ళు కూడా సరేనని తలాడిస్తారు. మొన్న ఒకరోజు మామిడికాయ కోస్తూ కూర్చున్నప్పుడు ఆమెకు నేను ఇట్లా చెప్పాను. "అక్కా, టెంక పురుగు పట్టిన కాయ పైకి ఎట్లుంటుంది? నున్నగా, నిగనిగలాడతా ఉంటుంది. పిందెగా ఉన్నప్పుడే పురుగు లోపలికి దూరింది, తొక్క మీద గాటు మానిపోయింది. కోస్తే తప్ప తెలీదు. ట్యాంకు అడుగు ప్లేటు కూడా అంతే. నీ కొడుకు కొయ్యకుండా చెప్పాల." ఆమెకు అర్థమైంది. నీకు మాత్రం ఇంకాస్త విడమరిచి చెప్పాలి. సర్టిఫికెట్ చేతికొచ్చిన కొత్తలో మనకు అన్నీ తెలిసినట్టే ఉంటుంది చూడు, ఆ రోజుల్లోనే తప్పులు జరుగుతాయి.

ట్యాంకు గోడ చుట్టూ తిరిగి చూడొచ్చు. కప్పు ఎక్కి చూడొచ్చు. అడుగు ప్లేటుకు ఉన్న రెండో మొహాన్ని మాత్రం, కట్టిన నాటి నుంచి ఎవడూ చూసి ఉండడు. ఇసుక, తారు కలిపిన పరుపు మీద 6 మిల్లీమీటర్ల ప్లేటు పడుకుని ఉంటుంది, దాని మీద వేల కిలోలీటర్ల నూనె. వానకాలంలో అంచు కింద నుంచి నీళ్ళు చేరతాయి. మనలి, ఎన్నూరు లాంటి సముద్రపు ఒడ్డునైతే ఆ నీళ్ళలో ఉప్పు కూడా ఉంటుంది. ఇనుము కింద నుంచి మెల్లగా గుంటలు పడతా పోతుంది. పైమొహం మీద అయితే నూనె అడుగున పేరుకున్న నీళ్ళు తినేస్తాయి, అది కంటికి కనిపిస్తుంది. కింద తినేది చూడ్డానికే నీ చేతికిచ్చే స్కానరు, ఈ అయస్కాంతం బండి.

అది ఎట్లా పనిచేస్తుందో కోర్సులో నీకు బొమ్మలు గీసి చెప్పి ఉంటారు. నేను మన చేని భాషలో చెప్తా విను. చెరువు కాలవ గట్టు మట్టానికి నిండుగా పారుతోందనుకో. గట్టు ఎక్కడ కుంగి ఉంటే అక్కడ నీళ్ళు బయటికి పొర్లుతాయి. కాలవ సగమే పారుతుంటే గట్టు ఎంత కుంగినా చుక్క కూడా బయటికి రాదు. ప్లేటులో అయస్కాంత బలం పారడం కూడా ఇంతే. స్కానరు కింద ఉన్న రెండు ధ్రువాలు ప్లేటును ఆ బలంతో అంచుల దాకా నింపుతాయి. ఇనుము పలచబడిన చోట ఆ బలం లోపల పట్టక బయటికి పొర్లుతుంది. మధ్యలో వరసగా ఉన్న సెన్సర్లు దాన్ని పట్టుకుంటాయి. చాలా బళ్ళలో అవి హాల్ సెన్సర్లు. ఎడ్విన్ హాల్ అనే అమెరికా కుర్రాడు 1879లో ఆ గుణం కనిపెట్టినప్పుడు నీకన్నా పెద్ద వయసేం కాదు, ఇంకా చదువుకుంటున్నాడు.

ఈ కాలవ సంగతి మరిచిపోనంత వరకు నువ్వు చాలా తప్పులు చెయ్యవు. గోడ కింద చుట్టూ వేసే యాన్యులర్ ప్లేటు మందం ఎక్కువ. 6 మిల్లీ ప్లేటుకు పెట్టిన సెట్టింగుతోనే దాని మీదికి పోయావంటే కాలవ సగమే పారినట్టు. స్క్రీన్ మీద గీత తిన్నగా, ముచ్చటగా వస్తుంది. నువ్వు 'బాగుంది' అని రాస్తావు. అది బాగుండడం కాదురా, నీకు వినపడకపోవడం. మందం మారిందంటే ఆ మందానికి సరిపోయే రిఫరెన్స్ ప్లేటు పెట్టి, దాంట్లో తొలిచిన 20, 40, 60, 80 శాతం గుంటలు స్క్రీన్ మీద సరిగ్గా కనిపించాకే ముందుకు పో. ఫ్లోరు మీద పెయింటు ఉంటే రిఫరెన్స్ ప్లేటు మీద కూడా అంత మందం ప్లాస్టిక్ షీటు పరిచి చూడు. పొద్దున మొదలుపెట్టే ముందు, అన్నం తిని వచ్చాక, సాయంత్రం మూసేముందు మూడుసార్లూ చూడు. సాయంత్రం తేడా వచ్చిందా, మధ్యాహ్నం నుంచి నడిచిందంతా మళ్ళీ నడవాల్సిందే. కాళ్ళు పీకుతాయి, సూపర్‌వైజరు గొణుగుతాడు. నడువు.

బండి చెప్పేదాన్ని లోతు అనుకోవద్దు. అది చెప్పేది పొర్లిన బలం ఎంతో అంతే. ఆ పొర్లడానికి గుంట లోతే కాదు, వెడల్పు, ఆకారం, మొత్తం పోయిన ఇనుమూ అన్నీ కారణమే. సన్నగా, లోతుగా సూది దిగినట్టున్న గుంట చిన్న సిగ్నలే ఇస్తుంది. రేపు చిల్లు పడేది అదే. ఇటు నాలుగడుగుల మేర పళ్ళెంలా మెల్లగా అరిగిపోయిన చోట అంచంటూ ఉండదు కాబట్టి బండి అసలు నోరే తెరవకపోవచ్చు. అందుకే ప్రతి ప్లేటు మీదా నాలుగైదు చోట్ల ఊరికే అల్ట్రాసానిక్ గేజి పెట్టి మందం చూడాలి. బండి కూసిన ప్రతి చోటా చాక్‌పీసుతో గుండ్రంగా గీసి, అక్కడ గేజి ప్రోబు పెట్టి అంగుళం అంగుళం వెతకాలి.

గేజి కూడా అబద్ధం ఆడుతుందని ఎవరూ గట్టిగా చెప్పరు, నేను చెప్తున్నా. ఇనుములో శబ్దం సెకనుకు 5900 మీటర్లు పోతుంది. ఎపాక్సీ పెయింటులో అందులో సగం కూడా పోదు. మామూలు పద్ధతిలో పెయింటు మీద ప్రోబు పెట్టావంటే, అర మిల్లీ పెయింటును గేజి 1.2 మిల్లీ ఇనుముగా లెక్కేస్తుంది. దాని ఫలితం చూడు. 12 ఏళ్ళు నడిచిన ట్యాంకు, మొదట్లో 6 మిల్లీ ప్లేటు. గుంట దగ్గర నిజంగా మిగిలింది 3.6. అంటే ఏడాదికి 0.2 చొప్పున పోయింది. అడుగున లీకు పట్టే ఏర్పాటు లేని ట్యాంకుకు, మళ్ళీ తెరిచి చూసే నాటికి రెండున్నర మిల్లీ మిగిలి ఉండాలని అమెరికా పెట్రోలియం వాళ్ళ 653 ప్రమాణం చెబుతుంది. మిగిలిన 1.1 మిల్లీ ఐదున్నర ఏళ్ళలో అయిపోతుంది. నీ గేజి పెయింటును కలుపుకుని 4.8 చూపించిందా? ఏడాదికి 0.1 పోయినట్టు, ఇంకా 23 ఏళ్ళు ఆయుష్షు ఉన్నట్టు లెక్క తేలుతుంది. ఐదేళ్ళకూ ఇరవై మూడేళ్ళకూ మధ్య తేడా, నీ వేలి కింద గోరంత పెయింటు. పెయింటును లెక్కలోకి రానివ్వని ఎకో-టు-ఎకో పద్ధతిలో పెట్టు, లేదా ఆ రూపాయి బిళ్ళంత జాగాలో పెయింటు గోకి చూడు. గోకితే మళ్ళీ పూయించే బాధ్యత నీదే.

ఇంక అసలు సంగతి.

మీ తాత చెనక్కాయ చేను దున్నేటప్పుడు నువ్వు చిన్నోడివి, గుర్తుందో లేదో. సాలు పక్కన సాలు, ముందు సాలును కొంచెం తాకుతూ పోయేవాడు, మధ్యలో బీడు మిగలకుండా. గెనిమ పక్కన మడక తిరగదు. అక్కడ ఆయన పార పట్టుకుని వంగేవాడు. ఎడ్లు ఇప్పేశాక, అందరూ ఇంటికి పోయాక కూడా ఆ మూలల్లో ఒక్కడే గుల్ల చేస్తా ఉండేవాడు. స్కానరు నీ మడక. 30 మీటర్ల అడ్డకొలత ట్యాంకు అంటే 700 చదరపు మీటర్ల పైచిలుకు నేల. పావు మీటరు వెడల్పు బండితో, సాలు మీద సాలు కొంచెం ఎక్కిస్తూ పోతే మూడు, మూడున్నర కిలోమీటర్లు నడక. సెకనుకు అర మీటరు లెక్కన రెండు గంటల పని అని కాయితం మీద కనిపిస్తుంది. తుడవడం, గీయడం, గేజి పెట్టడం, బ్యాటరీ మార్చడం కలిస్తే రెండు మూడు రోజులు. సగం దినంలో అయిపోయిందని ఎవడైనా చెబితే వాడు దున్నలేదు, చేను చుట్టూ తిరిగొచ్చాడు.

నీ గెనిమలు ఏవో చెప్తా. ల్యాప్ వెల్డుల పక్కన బండి చక్రం ఎక్కదు. గోడ వారగా బండి ఆనదు, అక్కడ గోడ నుంచి 75 మిల్లీమీటర్ల మేర అసలు బరువంతా పడే చోటు. సంపు చుట్టూ, పైపుల కింద, నూనె మీద తేలే ఫ్లోటింగ్ రూఫ్ కాళ్ళ కింది ప్యాడ్ల దగ్గర, ప్యాచ్ మీద ప్యాచ్ వేసిన చోట బండి పోదు. అక్కడ చేతి స్కానరు, గేజి, వెల్డుకైతే వాక్యూమ్ బాక్సు, మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యాల్సిందే. అవి కూడా పట్టని చోట పెన్ను పనిచేస్తుంది. ప్లేటు నంబరు, ఎంత జాగా, ఎందుకు చూడలేదు. మూడు ముక్కలు రాయి.

నేను రాయలేదు ఒకసారి. గల్ఫ్‌లో ఒక ట్యాంకు. ఏ ఊరు, ఏ కంపెనీ అనేది నీకు అనవసరం. కప్పు రిపేరుకని లోపల స్కాఫోల్డింగ్ వేసి ఉంది. దాని కాళ్ళు మూడు ప్లేట్ల మీద. "రేపు తీసేస్తాం, అప్పుడు చూద్దువులే" అన్నారు. రేపు తియ్యలేదు. ఎల్లుండి నాకు ఇంకో ట్యాంకుకు పిలుపు. చుట్టుపక్కల ప్లేట్లన్నీ బాగున్నాయి కదా, ఈ మూడింటికి మాత్రం ఏమవుతుందిలే అనుకున్నా. రిపోర్టులో 'ఫ్లోరు మొత్తం స్కాన్ చేయబడినది' అని ఒక్క వాక్యం, కింద నా సంతకం. పద్నాలుగు నెలలకు పునాది రింగు చుట్టూ ఉన్న గొట్టాల్లోంచి డీజిల్ వాసన వచ్చింది. ట్యాంకు ఖాళీ చేసి చూస్తే చిల్లు ఆ మూడింట్లో నడిమి ప్లేటులో, చిటికెన వేలు పట్టేంత. ఎవరికీ ఏమీ కాలేదు, ఇసుక మాత్రం తవ్వి పారబోశారు. నన్ను పిలిచి తిట్టనూ లేదు. ఆ రిపోర్టు నా ముందు పెట్టి, ఆ వాక్యం మీద వేలు పెట్టి ఊరుకున్నాడు అక్కడి ఇంజనీరు. తిట్టి ఉంటే ఈ పాటికి మరిచిపోయి ఉండేవాణ్ణి.

'మూడు ప్లేట్లు చూడలేదు, స్కాఫోల్డింగ్ ఉంది' అని రాసి ఉంటే ఏమయ్యేది? ఎవడో ఒకడు మళ్ళీ పిలిచి చూపించి ఉండేవాడు. పిలవకపోయినా తప్పు నాది అయ్యేది కాదు. రిపోర్టు తక్కువగా కనిపిస్తుందని మనకు సిగ్గు. కొత్తలో ఆ సిగ్గు ఇంకా ఎక్కువ. ఆ సిగ్గు వచ్చినప్పుడు మీ అమ్మను తలుచుకో. సర్టిఫికెట్ కోసం నువ్వు రాసిన లెవెల్ టూ పరీక్షకు ఆమె మొక్కుకుని, పాసయ్యాక అలిపిరి నుంచి కొండ దాకా 3550 మెట్లకూ పసుపు కుంకుమ పెట్టింది. మోకాళ్ళ నొప్పితో, మధ్యలో రెండుసార్లు కూలబడి. నేను పక్కనే నడిచాను. గాలిగోపురం దాటాక ఒకచోట జనం ఎక్కువై ఒక మెట్టు తప్పిపోయిందేమోనని అనుమానం వచ్చి వెనక్కి దిగి మళ్ళీ పెట్టుకుంటూ వచ్చింది. "ఒక్క మెట్టే కదా అక్కా" అన్నా. ఆమె నాకేసి చూసిన చూపు నేను నీకు చెప్పలేను. అలాంటి తల్లి కొడుకువి, మూడు ప్లేట్లు ఎగ్గొట్టి 'మొత్తం' అని రాయొద్దు.

బండిని చూసుకోవడం గురించి చెబుతా. దాంట్లో ఉన్నది స్విచ్ కడితే చచ్చే అయస్కాంతం కాదు, నియోడిమియం. నువ్వు నిద్రపోతున్నా అది మేలుకునే ఉంటుంది. నా ఎడమచేతి ఉంగరం వేలి గోరు వంకరగా ఉండేది ఎందుకని చిన్నప్పుడు అడిగేవాడివి కదా? ప్లేటుకూ బండికీ మధ్య పడింది. బండిని దించేటప్పుడు, ఎత్తేటప్పుడు లీవరు వాడు, చెయ్యి అడ్డం పెట్టకు. సహాయకుడిగా వచ్చినాయన గుండెకు పేస్‌మేకరు ఉందేమో అడుగు. వయసు మళ్ళినోళ్ళు కూడా కూలికి వస్తారు, అడక్కపోతే చెప్పరు. జేబులో ఏటీఎం కార్డు బయట పెట్టి పో.

ట్యాంకు అడుగున ఉండే తుప్పు రజను, వెల్డింగు చిటపటలు, ఇనప పొడి అన్నీ దానికి అతుక్కుంటాయి. గడ్డంలా వేలాడతాయి. ఆ గడ్డం సెన్సరు కింద చేరిందంటే బాగున్న ప్లేటు మీద కూడా బండి కూస్తుంది. లేదా సెన్సరును పైకి లేపి నిజమైన గుంటను వినపడనివ్వదు. గుడ్డతో తుడిస్తే పోదు. వెడల్పాటి ప్యాకింగ్ టేపు అంటించి లాగు, సందుల్లో పిండి ముద్దలాంటి మెత్తటి బంకమట్టితో అద్ది తియ్యి. పని మొదలుపెట్టే ముందే ఫ్లోరు బాగా ఊడ్పించు. ఊడ్చేవాళ్ళ మీద అరవకు, టీ తాగించు. వాళ్ళు సరిగ్గా ఊడిస్తే నీ పని సగమవుతుంది.

దూరం కొలిచే చిన్న చక్రం ఒకటి ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. అది అరిగితే ఎక్కువసార్లు తిరుగుతుంది, నడిచిన దూరం ఎక్కువ చూపిస్తుంది. నూటికి ఒక్క వంతు అరిగినా 6 మీటర్ల ప్లేటు చివర్లో 6 సెంటీమీటర్లు తప్పుతుంది. ప్యాచ్ వేసేవాడు నీ మ్యాపు చూసి గుంట పక్కన ప్యాచ్ వేసి పోతాడు. వారానికోసారి టేపు పరిచి సరిచూడు. సెన్సరు అడుగున ఉండే అరుగుడు పట్టీలు, కేబుల్ మొనలు రోజూ సాయంత్రం చూడు. కనెక్టరు మెలి తిప్పి లాగేవాళ్ళకు బండి ఇవ్వకు, ఎంత స్నేహితుడైనా. మన చిత్తూరు ఎండల్లో కారు డిక్కీలో బ్యాటరీ వదిలెయ్యకు. నెల రోజులు పనిలేకపోతే సగం చార్జితో చల్లటి చోట పెట్టు. బండి పెట్టెలో అయస్కాంతం కింద చెక్క అడ్డు వెయ్యి. రేణిగుంటలో విమానం ఎక్కించాల్సి వస్తే ముందే కాయితాలు చేయించుకో. బలమైన అయస్కాంతం విమానాలకు ప్రమాదకర సరుకు కిందే లెక్క, దిక్సూచిని తప్పుదారి పట్టిస్తుంది కాబట్టి.

గ్యాసు సంగతి చివర్లో చెబుతున్నానని చిన్నదనుకోకు. ఆ బండికి మోటారు, బ్యాటరీ ఉన్నాయి. పెట్రోలు ఆవిరి ఉన్నచోట వాడేలా చేసింది కాదు. గ్యాసు లేదని కొలిచి, పర్మిట్ చేతిలో పెట్టాకే దించు. ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గకూడదు, 23.5 దాటకూడదు. పొద్దున కొలిచింది పొద్దున వరకే నిజం. ఫ్లోటింగ్ రూఫ్ కాళ్ళ గొట్టాల్లో నూనె దాక్కుంటుంది, ప్లేటు కింద కారి నిలిచిన పెట్రోలు చిల్లులోంచి మధ్యాహ్నపు వేడికి ఆవిరై పైకొస్తుంది. గ్యాసు మీటరు నీ మెడలో నడుస్తూనే ఉండాలి. ముడి నూనె ట్యాంకులో నల్లటి తుప్పు ఆరిందంటే తనంతట తానే అంటుకుంటుంది, దాన్ని తడిగానే బయటికి తోయించు. మ్యాన్‌హోల్ దగ్గర మనిషి లేకపోతే నువ్వు లోపల ఉండొద్దు. వాడు బీడీకి పోయినా సరే, నువ్వు బయటికి రా. 1997 సెప్టెంబరు 14న, ఒక ఆదివారం పొద్దున, విశాఖ రిఫైనరీలో గ్యాసు లీకై అంటుకుని అరవై మంది దాకా పోయారు. నూనె, గ్యాసు దగ్గర పనిచేసే తెలుగోళ్ళెవరూ మరిచిపోకూడని పొద్దు అది.

నీకు భయం పెట్టడానికి ఇవన్నీ రాయలేదు. నీ చెయ్యి మంచిది, చిన్నప్పుడు రేడియో ఇప్పి మళ్ళీ బిగించినప్పుడే చూశాను, ఒక స్క్రూ మిగిలిందనేది వేరే సంగతి. వేళకు అన్నం తిను. ట్యాంకులో దిగే రోజు లీటర్లు లీటర్లు నీళ్ళు తాగు. రిపోర్టు రాసేటప్పుడు అనుమానం వస్తే అర్ధరాత్రయినా ఫోన్ చెయ్యి, నాకు ఎట్లాగూ నిద్ర పట్టదు. సోమవారం దిగి వచ్చాక మీ అమ్మకు ముందు చెయ్యి, నాకు తర్వాత.

ఆ రిఫరెన్స్ ప్లేటు బరువెక్కువని లాడ్జిలో వదిలేసి పోవద్దురా.

మీ మామ
పుత్తూరు